కంచె వెనక జావ

కంచె వేసింది మా మంచికేనన్నారు. పట్నం నుంచి కారులో వచ్చి, మా మామిడిచెట్టు నీడన, మేము తెచ్చి వేసిన కుర్చీల్లోనే కూర్చుని, మా మంచేదో మాకు చెప్పి వెళ్ళారు. ఆ వానాకాలం పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అది పాత గింజ గాదెలో అయిపోయి, కొత్త కంకికి ఇంకా పాలు పట్టని కాలం. మా మలావీలో ఏటా ఆ రోజులు ఆకలి రోజులే. కాని ఆ ఏడు చాలా ఇళ్ళల్లో పార పట్టాల్సిన చేతులు మట్టిలో ఉన్నాయి. మా అక్క ఫలేసి అంతకు ముందు ఏడే పోయింది, బావ ఆమెకంటే ముందే పోయాడు. ఎయిడ్స్. మందులింకా మా ఆసుపత్రి దాకా రాని రోజులవి. అక్క కూతురు మలిత ఒక చాపా, ఒక కోడిపెట్టా పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. తెచ్చుకున్నామని, ఆదుకున్నామని మేమెవరమూ అనుకోలేదు. అక్క పిల్ల నా పిల్ల కాకపోతే ఇంకెవరి పిల్ల?

నా కూతురు ఎస్నాతి మలితకంటే ఏడాది చిన్నది. ఇద్దరికీ ఒకే చాప, ఒకే పళ్ళెం. నా మొగుడు సిమియోని మా వంశాచారం ప్రకారం ఇల్లరికం వచ్చినవాడు. సంకటి పళ్ళెం ముందు కూర్చునే ముందు అతను ఒకసారి దారివైపు చూసేవాడు. ఎవరైనా పోతుంటే "రండి, తిందాం" అని కేకేసేవాడు. మాలో అందరమూ అంతే, వాకిట్లో, నలుగురి కళ్ళముందు తింటాం. తలుపేసుకుని తినేది మంత్రగత్తె. దాచుకుని తినవలసిన ఖర్మ దానికేమిటంటే, అది తినేది శ్మశానంలోంచి తవ్వి తెచ్చింది కనుక. ఈ సంగతి మా పిల్లలకి నడక రాకముందే తెలుస్తుంది.

పట్నం వాళ్ళు రాకముందే మా ఊరి ఆడవాళ్ళకి ఒక సంఘం ఉండేది. నాఫిరి అనే పెద్దావిడ దాన్ని నడిపేది. ఆవిడ నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. శనివారం శనివారం ఇంటికొక పళ్ళెం పిండి చొప్పున పోగుచేసి, మామిడిచెట్టు కింద ఒక కుండ జావ కాచేవాళ్ళం. ఏ పిల్ల వచ్చినా పోసేవాళ్ళం. నీకు అమ్మ ఉందా, నాన్న ఉన్నాడా అని ఎవర్నీ అడిగి ఎరగం.

ఆ కుండ సంగతి బ్లాంటైర్ పట్నంలో ఉన్న సేవాక్లబ్బు వాళ్ళ చెవిన పడింది. బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు, కొట్ల యజమానులు, ఒక డాక్టరు, అందరూ వారానికోసారి హోటల్లో కలిసి భోంచేసి, సేవ గురించి మాట్లాడుకుంటారట. సముద్రం అవతల వాళ్ళకొక జోడీ క్లబ్బు ఉందట, డబ్బు అక్కణ్ణుంచి వస్తుందట. మా ఊరికి వచ్చినవాళ్ళలో పెద్ద డోనా కపాండా. డోనా అంటే మాలో దొరసాని. క్లబ్బు పేరున్న పసుపుపచ్చ జాకెట్టు, కళ్ళజోడు, మెత్తటి మాట. చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే నా కోపానికి ఒక దారి దొరికేది.

వారం వారం సోయా కలిపిన తియ్యటి పిండి ఇస్తామంది. పెద్ద అల్యూమినియం డేగిసా, పసుపు ప్లాస్టిక్ కప్పులు ఇస్తామంది. శనివారమే కాదు, రోజూ జావ కాయొచ్చంది. మేము నాలుకలాడించి సంబరంగా కూతలు పెట్టాం. ఆ తర్వాత షరతులు చెప్పింది. ఆ జబ్బుతో తల్లో తండ్రో పోయిన పిల్లలకే పొయ్యాలి. ఇక్కడే తాగాలి, ఇంటికి తీసుకెళ్ళకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ చెట్టు కింద వేరే కుండ పెట్టకూడదు, పెడితే ఎవరి పిండి ఎవరు తాగారో డబ్బిచ్చినవాళ్ళకి చెప్పుకోలేమట.

"మరి మిగతా పిల్లలో?" అని నాఫిరి అడిగింది.

"వాళ్ళకి తల్లులున్నారు కదమ్మా" అంది డోనా.

"ఉన్నారు. కాని తల్లుల్ని ఉడకేసుకుని తినలేరుగా" అంది నాఫిరి. ఆడవాళ్ళంతా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వారు. డోనా కూడా కొంచెం నవ్వింది. షరతులు మాత్రం అలాగే ఉన్నాయి.

జావ కాసే పని నాకప్పగించారు. జీతం లేదు, ఒక పసుపు జాకెట్టు ఇచ్చారు. పొద్దున్నే నేను డేగిసాలో తెడ్డు తిప్పుతుంటే తియ్యటి వాసన ఊరంతా పాకేది. మలిత కప్పు పట్టుకుని వరసలో కూర్చునేది. ఎస్నాతి తల్లులున్న పిల్లలతో కలిసి దూరంగా చేతిపంపు దగ్గర నిలబడేది. ఏడ్చేది కాదు, అడిగేది కాదు. చూసేది. నేను వడ్డిస్తూ అటు చూడకుండా ఉండడం నేర్చుకున్నాను.

ఒకరోజు సముద్రం అవతలి క్లబ్బు నుంచి ఒకావిడ వచ్చి ఫొటోలు తీసింది. ఏ ఫొటో చూసినా జావ తాగే పిల్లల వెనకాల తాగని పిల్లల మొహాలే. పై వారం లారీలో పిండి బస్తాలతో పాటు గడ్డిమోపులూ వెదురుబొంగులూ దిగాయి. చెట్టు చుట్టూ మనిషెత్తు కంచె కట్టమన్నారు.

"నలుగురూ చూస్తుంటే తినడం ఈ పిల్లలకి చిన్నతనంగా ఉండదూ? వాళ్ళ గౌరవం మనమే కదా కాపాడాలి" అంది డోనా.

ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఊరిపెద్ద తల ఊపాడు. కడుపు ఖాళీగా ఉన్నవాడి తల తేలిగ్గానే ఊగుతుంది. మగవాళ్ళు ఆ సాయంత్రానికల్లా కంచె కట్టేశారు. మర్నాటి నుంచి తల్లో తండ్రో లేని పిల్లలు ఒకరి వెనక ఒకరు చిన్న సందులోంచి లోపలికి దూరి, ఎవరికీ కనబడకుండా తాగి, మూతి తుడుచుకుని బయటికి రావడం మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకి, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, మలితకి స్నానం చేయిస్తున్నాను. ఒళ్ళు రుద్దుతుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటే చేతికి తగిలాయి. రోజూ కప్పు నిండా నా చేత్తోనే పోస్తున్నాను, పిల్ల చూస్తే ఎముకలగూడు. అక్కకి కూడా మొదట ఇలాగే ఒళ్ళు తగ్గింది. ఆ జబ్బు పిల్లకి కూడా వచ్చిందనుకున్నాను.

అది కాదని పిల్లే చెప్పింది. బతిమాలగా బతిమాలగా చెప్పింది. కప్పులో జావ నోట్లో పోసుకుంటుందట, బుగ్గల్లో నింపుకుంటుందట, బయటికొచ్చి చీమలపుట్ట వెనక ఉమ్మేస్తుందట.

"ఎందుకే తల్లీ?"

"బళ్ళో అడుగుతున్నారు, కంచె వెనక ఏం తింటున్నావని."

"జావ అని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. జావైతే దాక్కోవడమెందుకన్నారు." నీళ్ళచెంబు వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "మా అమ్మని తింటున్నానంట."

ఆ వారం లారీతో వచ్చిన డోనాకి ఈ సంగతి చెప్పాను. కంచె తీసేయమన్నాను. ఆవిడ ఓపిగ్గానే వింది. పిల్లలన్నాక ఏవో అనుకుంటారు, పట్టించుకోవద్దంది. పిల్ల తాగకపోతే మాత్రం చిక్కేనంది. ఆ కప్పు కోసం పక్క ఊళ్ళో ఇంకో అనాథ ఎదురుచూస్తోందట.

"డోనా, మీరూ మాలో పుట్టినవాళ్ళేగా. దాక్కుని తినకూడదని మీ అమ్మ మీకు చెప్పలేదా?" అన్నాను.

"చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. అవన్నీ వదిలించుకోడానికే చదువుకున్నాను" అంది.

నేను ఇంటికొచ్చాను. కోపం వచ్చిందని వేరే చెప్పనక్కర్లేదు. అయినా మర్నాడు పొద్దున్నే వెళ్ళి జావ కాచాను. ఇల్లు గడవని మనిషి కోపాన్ని కొంగున కట్టుకుని పనిలోకి పోతుంది. మలితని పక్కన కూర్చోబెట్టుకుని గుటక వేసేదాకా చూశాను. వేసినట్టే వేసి, బయటికి పోయి కక్కుకుంది.

ఆ తర్వాతి సంగతి మా వాకిట్లో జరిగింది. గుమ్మడాకు కోసుకొచ్చి, నేనూ ఎస్నాతీ కాడల మీద పీచు తీస్తున్నాం. చినుకు పడుతోంది. సిమియోని చేలో కలుపు తీస్తున్నాడు. మలిత లోపల పడుకుంది, ఆ రోజుల్లో దానికి ఎప్పుడూ నిద్రే.

"అమ్మా, నువ్వెప్పుడు చచ్చిపోతావు?" అంది ఎస్నాతి.

పీచు తీస్తున్న చెయ్యి ఆగింది. "ఎందుకే?"

"ఊరికే. పంటకి ముందా, తర్వాతా?"

అది ఇంకో ఆకు తీసుకుని, కాడ విరిచి, పీచు జాగ్రత్తగా కిందికి లాగింది. దాని మాటలో కోపం లేదు, వెటకారం లేదు. వాన ఎప్పుడు తగ్గుతుందని అడిగినట్టే అడిగింది.

"నువ్వు పోతే నాక్కూడా పసుపు కప్పిస్తారుగా. నాన్న పోయినా ఇస్తారంట. కాని నాన్న చేనుకి కావాలి" అంది.

ఆకులన్నీ అయ్యేదాకా కూర్చున్నాను. కడిగాను, కుండలో వేశాను, ఉప్పు వేశాను. ఉడికాక దించి మూతపెట్టాను. అప్పుడు గొడ్డలి తీసుకుని మామిడిచెట్టు దగ్గరికి వెళ్ళాను.

మొదటి బొంగు నరికేసరికి నాఫిరి పరిగెత్తుకొచ్చింది. "పిచ్చిగాని పట్టిందా ఎనెలెసీ? పిండి ఆగిపోతుందే" అంది. ఎస్నాతి అడిగిన మాట ఆవిడకి చెప్పాను. ఎప్పుడూ మాటకి మాట అంటించే మనిషి, నడుముకి చుట్టుకున్న గుడ్డ బిగించి కట్టి, బొంగు రెండో కొస పట్టుకుని లాగింది. చప్పుడు విని మిగతా ఆడవాళ్ళు వచ్చారు. ఎవరూ కేకలు పెట్టలేదు, పొలంపని చేసినట్టు చేశారు. చేలోంచి వచ్చిన సిమియోని కింద పడిన గడ్డి మోపులు కట్టి, కారుతున్న నాఫిరి ఇంటికప్పు మీదికి ఎక్కించాడు.

మర్నాడు ఆ వెదురుబొంగులే పొయ్యిలో పెట్టాను. పచ్చివి, ఒకటే పొగ. ఊళ్ళో పిల్లలందర్నీ పిలిచాను. పిండికొద్దీ రొట్టె అన్నట్టు తలా అరకప్పు వచ్చింది. కప్పులు చాలక ఇద్దరికొకటి ఇచ్చాను. మలితా ఎస్నాతీ ఒక కప్పు పట్టుకున్నారు. మలిత తాగబోయే ముందు తలెత్తి చుట్టూ చూసింది. అందరూ తాగుతున్నారు, అందర్నీ అందరూ చూస్తున్నారు. ఒక గుక్క తాగి కప్పు ఎస్నాతికిచ్చింది. మలిత గొంతులో గుటక కిందికి దిగడం నేను కళ్ళారా చూశాను.

లారీ వచ్చిన రోజు డోనా కారు దిగి, కంచె లేని చెట్టునీ, కింద కూర్చున్న పిల్లల మందనీ చూసింది. నన్ను పక్కకి పిలవలేదు, అందరి ముందే మాట్లాడింది. అది మాత్రం మెచ్చుకోవాలి.

"ఇంతమందికి ఈ జావ సరిపోదమ్మా."

"సరిపోదని మాకూ తెలుసు డోనా. సరిపోతే పంచుకోవడమెందుకు? ఎవరిది వాళ్ళే తింటారు."

"ఒక పిల్లకి కడుపునిండా పెట్టి బతికించడం మంచిదా, అందరికీ సగం సగం పెట్టి అందర్నీ నీరసంగా ఉంచడం మంచిదా? నువ్వే చెప్పు."

నా దగ్గర ఉన్నది ఒక్కటే మాట, అదే అన్నాను. "నా కూతురు నేనెప్పుడు చస్తానని అడిగింది. పంటకి ముందా, తర్వాతా అని. ఏం చెప్పమంటారో మీరే చెప్పండి డోనా, అదే చెప్తాను."

డోనా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. అది తన చేతుల్లో లేదని, క్లబ్బులో అందరితో మాట్లాడాలని, అంతదాకా పిండి దించలేనని చెప్పింది. బస్తాలు దించకుండానే లారీ వెనక్కి తిరిగింది.

అదే ఆఖరి లారీ. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఇన్నాళ్ళూ మన కుండ కూడా మాన్పించి కూర్చోబెట్టారు" అని తిడుతూనే నాఫిరి మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి పిండి అడిగింది. పిండెక్కడిది? తవుడొచ్చింది, అడవిదుంపలొచ్చాయి. చేదు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి ఉడకబెట్టాం. శనివారం కుండ మళ్ళీ పొయ్యెక్కింది, నీళ్ళే ఎక్కువగా.

అందరూ నన్ను మెచ్చుకున్నారనుకోకండి. ముగ్గురు మనవల్ని సాకుతున్న ఒక ముసలావిడ మా వాకిట్లోకొచ్చి మట్టి తీసి పోసింది. "నీ కోపం నువ్వు తిని కడుపు నింపుకో. నా పిల్లలకేం పెట్టను?" అంది. ఆ పిల్లల్లో చిన్నదాని కాళ్ళు అప్పటికే నీరు పట్టాయి. ఉన్న ఆకులు ఆవిడ గుడ్డలో పోసి పంపాను. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ముసలిదానికీ నాకూ మధ్య ఆ తగవు పెట్టి, పట్నంలో హోటల్ భోజనానికి కూర్చున్నవాళ్ళ మీద వచ్చింది. ఒక్క పూట కాదు, పొయ్యి వెలిగించిన ప్రతిసారీ వచ్చింది. ఆ చిన్నది బతికింది. బతికింది కనుకే ఈ కథ ఇలా చెప్పగలుగుతున్నాను.

చివరికి కంకులు పాలు పట్టాయి. ఊరంతా పచ్చికంకులు కాల్చే వాసన. మలిత బుగ్గల మీదికి కొంచెం కండ వచ్చింది. దాని నోట మళ్ళీ అల్లరి మాట వినబడుతోంది. అప్పుడొచ్చింది డోనా కారు. క్లబ్బు సామాను వెనక్కి తీసుకుపోవడానికి వచ్చిందట. డేగిసా, కప్పులు, చెట్టుకి కొట్టిన బోర్డు. వేరే ఊళ్ళో అవసరమైందంది. డ్రైవరు బోర్డు ఊడదీస్తుంటే మేకులు కీచుమన్నాయి.

మేము వాకిట్లో నిప్పుల చుట్టూ ఉన్నాం. దారిలో మనిషి కనబడితే పిలవకుండా ఉండడం సిమియోనికి చేతకాదు. "రండి డోనా, తిందాం" అని కేకేశాడు. అతని మీద కూడా నాకు కోపమొచ్చింది. ఆవిడ వచ్చి నిలబడి మలితని గుర్తుపట్టింది. "బాగున్నావే" అంది. నిజంగానే సంతోషించింది, మొహంలో తెలుస్తూనే ఉంది.

మలిత అప్పుడే కాలిన కంకి తీసి, సగానికి విరిచి, పెద్ద సగం రెండు చేతులా పట్టుకుని, మేము నేర్పినట్టు మోకాళ్ళ మీద కూర్చుని అందించింది.

"అయ్యో, వద్దు తల్లీ, నువ్వు తిను. నేనిప్పుడే భోంచేసి వచ్చాను" అంది డోనా.

మలిత చెయ్యి వెనక్కి తీయలేదు. రెండో చేతిలో ఉన్న తన ముక్కా కొరకలేదు. ఎస్నాతి ఆ ముక్క వంకే చూస్తోంది, కాని అడగలేదు.

"తీసుకోండి డోనా. మీరు తినందే అది తినదు. దాన్నలా పెంచాం" అన్నాను.

డోనా కంకి తీసుకుంది. అటూ ఇటూ చూసింది. సంచిలోంచి చేతిరుమాలు తీసి, కంకిని అందులో చుట్టి, సంచిలో పెట్టుకుంది. "దారిలో తింటాను" అని, పిల్ల తల నిమిరి వెళ్ళి కారెక్కింది. అద్దాలు పైకి లేచాయి. వెనక డేగిసా గడగడలాడుతూ కారు పంపు దాటి, మలుపు తిరిగింది.

మలిత నిలబడి అటే చూసింది. తర్వాత తన సగాన్ని మళ్ళీ విరిచి ఎస్నాతికిచ్చింది. నోటిదాకా తెచ్చుకున్న ముక్క దించి నన్నడిగింది.

"చిన్నమ్మా, ఆవిడ కారులో అద్దాలు మూసుకుని ఒక్కతే తింటుందా?"

"అవును" అన్నాను.

"పాపం. అలా తినకూడదని వాళ్ళమ్మ చెప్పలేదు కాబోలు."

"చెప్పింది. తిను, చల్లారిపోతుంది" అన్నాను.